కార్బురేటర్ కోసం బోరబండ

హైదరాబాదు వెళ్ళి వచ్చామని తెలిసి మా వీధిలోవాళ్ళు చార్మినార్ చూశారా, గోల్కొండ ఎక్కారా అని అడుగుతున్నారు. రెండూ చూడలేదు. మేం చూసినవి బోరబండ, జీడిమెట్ల. అక్కడ ఏముందంటే ఒక కార్ల షెడ్డు, ఒక పాత సామాన్ల యార్డు అని చెబుతున్నాను. నా వంక జాలిగా చూసి మాట మార్చేస్తున్నారు. వాళ్ళ జాలి భరించలేకే ఇది రాయడానికి కూర్చున్నాను.

అసలు బయలుదేరింది గృహప్రవేశానికి. మా ఆడపడుచు కూతురు శిరీష హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తుంది, కొండాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కుంది. ఏలూరు నుంచి రైల్లో హాయిగా వెళ్దామని నేను, కాదు కార్లోనే అని మా ఆయన. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

కారు గురించి కాస్త చెప్పాలి. మా ఆయనకి పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు పనిచేయదు. టెలిఫోన్ శాఖలో లైన్ల లోపాలు వెతికే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మా చిన్న తెల్ల కారులో క్లచ్ కాలితో తొక్కక్కర్లేకుండా గేరు పక్కన చేతిపిడి అమర్చి ఉంటుంది. ఇంట్లో కర్ర పట్టుకుని, గోడ పట్టుకుని నడిచే మనిషి ఆ సీట్లో కూర్చుంటే పిఠాపురం అంటే పిఠాపురం, శ్రీశైలం అంటే శ్రీశైలం. అలాంటి కారు రెండేళ్ళుగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతోంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. ఏలూరులో పెట్రోలు పంపు మార్చారు, సెన్సార్లు మార్చారు, కంప్యూటర్ డబ్బా మార్చారు. దాని రోగం మాత్రం మారలేదు.

చివరికి మా మెకానిక్ ఒక మాటన్నాడు. "కంప్యూటరు చెబితే పెట్రోలు చిమ్మే ఈ ఇంజెక్షన్ గొడవంతా పీకేసి పాతకాలం కార్బురేటర్ పెట్టేద్దామండీ. పెట్రోలూ గాలీ అందులోనే కలుస్తాయి. కంప్యూటరుండదు, ఈ వైర్లన్నీ ఉండవు. సామాను హైదరాబాదులో దొరుకుతుంది." ఆ మాట మా ఆయనకి మంత్రంలా తలకెక్కింది. ఇంజెక్షన్ వైరింగ్ బాగుచేయించడమా, మొత్తం పీకేసి కార్బురేటర్ పెట్టించడమా అని ఇంట్లో నెల రోజులు చర్చ. నేను మొదటిదాని పక్షం. "ఈసారి కూడా కుదరకపోతే అమ్మేస్తాను. ఇంక స్టీరింగ్ పట్టుకోను" అన్నారాయన. కారు షెడ్డులో ఉన్న రోజుల్లో ఆయన గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయే బళ్ళు చూస్తూ కూర్చోవడం నాకు తెలుసు. నాకు భయమేసింది.

సూర్యాపేట

పొద్దున్నే బయలుదేరి సూర్యాపేటలో టిఫినుకి ఆగాం. మా వైపు ఇడ్లీకి అల్లప్పచ్చడి ఉండాల్సిందే. ఇక్కడ పల్లీల చట్నీ గిన్నెడు పోసి, పైన కారప్పొడి చల్లి ఇచ్చారు. సర్వపిండి ఉందంటే అదీ చెప్పాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకి అంటించి కాల్చిన రొట్టె అది. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా ఉంది. మా ఆయన నాది కూడా సగం తిన్నారు.

వడ్డించే పెద్దాయన చేతిపిడి ఉన్న కారుని కిటికీలోంచి చూసి, "సారు ఒక్కరే నడుపుకుంట వచ్చిన్రా ఏలూరు నుంచి?" అని అడిగాడు. అవునన్నాం. "మంచిగున్నది" అని ఇంకో గరిటె చట్నీ పోశాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు సాయంత్రం దాకా ఉంటే బాగుండేది.

ఫ్లైఓవర్ మీద

దారిలో భోజనానికి, ఆయన నడుం వాల్చడానికి ఆగుతూ ఆగుతూ వెళ్ళి, అవుటర్ రింగు రోడ్డు దిగి గచ్చిబౌలి వచ్చేసరికి ఆఫీసులు వదిలే వేళ. అన్ని గాజు మేడలు ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు. పైకి చూసి చూసి మెడ నొప్పెట్టింది. కొండాపూర్ వైపు ఫ్లైఓవర్ ఎక్కి సగం దూరం వెళ్ళామో లేదో, ఇంజిన్ ఆగిపోయింది.

వెనక హారన్లు మొదలయ్యాయి. మా ఆయన తాళం తిప్పుతున్నారు, ఉలుకూ పలుకూ లేదు. మెడలో కార్డులు వేలాడేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు, ఒక అమ్మాయి బళ్ళు పక్కన పెట్టి వచ్చారు. "అంకుల్, మీరు దిగి ఒక చెయ్యి వేయండి, పక్కకి తోసేద్దాం" అన్నాడొకడు.

"నేను దిగి తోయలేను బాబూ. కాలు పనిచేయదు. ఏమనుకోకండి" అన్నారాయన.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఆ మాట బయటివాళ్ళతో అనగా నేను వినలేదు. ఆ కుర్రాడు తెల్లమొహం వేసి, "అయ్యో, మీరు కూర్చోండి అంకుల్" అన్నాడు. అందరం కలిసి తోశాం. రెండో కుర్రాడు చెవిలో ఫోను పెట్టుకునే తోశాడు. మధ్యలో ఒకసారి ఆగి, వేలితో ఫోను నొక్కి, "యెస్, ఐ యామ్ ఆన్ ద కాల్" అని ఎవరికో చెప్పి మళ్ళీ తోశాడు. జీతం తీసుకుంటూ మా కారు తోసినవాడు అతనొక్కడే.

పావుగంట తర్వాత కారు తనంతట తను స్టార్టయింది. ఇంటికి చేరేదాకా మా ఆయన సిగ్నళ్ళ దగ్గర కూడా ఇంజిన్ ఆపలేదు.

కొండాపూర్, పదిహేడో అంతస్తు

గృహప్రవేశం బాగా జరిగింది. మా వైపు హోమం పొగ ఎంత వస్తే అంత శుభం. ఇక్కడ నెయ్యి వేయగానే కప్పులో ఎక్కడో అలారం మోగింది. కింద నుంచి సెక్యూరిటీవాళ్ళు మంటలార్పే సిలిండరుతో పరుగెత్తుకొచ్చారు. హోమానికి ముందే చెప్పాలట, వాళ్ళు ఆ అంతస్తు అలారం ఆపి పెడతారట. పంతులుగారికి ఇది అలవాటే కాబోలు, కళ్ళు తెరవకుండానే మంత్రం కొనసాగించారు. సిలిండరు పట్టుకొచ్చిన అబ్బాయికి పులిహోర పెట్టి పంపాం.

కింద కాఫీ దుకాణంలో కప్పు కాఫీ రెండువందల నలభై. ఏలూరులో ఆ డబ్బుతో నేను వారం రోజులు కాఫీ కాస్తాను. వాళ్ళ కాఫీ కాస్త మాడు వాసన వేసింది కూడా.

మధ్యాహ్నం శిరీష ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. "మావయ్యా, వచ్చే ఏడు నీ కారుకి పదిహేనేళ్ళు నిండుతాయి కదా. రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలంటే ఆర్టీవో ఆఫీసుకి బండి తీసుకెళ్ళి చూపించాలి. ఇంజిన్‌లో ఇంత మార్చేస్తే ఒప్పుకోవడం కష్టమట. పొగ కూడా ఎక్కువొస్తుందట."

"ఆగిపోయే కారుకి కాగితాలెందుకే?" అన్నారు మావారు.

"వైరింగే చూపించొచ్చుగా అత్తా?" అని అది నన్నడిగింది.

"నాకు చెప్పకు, మీ మావయ్యకి చెప్పు" అన్నాను. ఆయన బాల్కనీలోకి వెళ్ళిపోయారు. పదిహేడో అంతస్తు నుంచి ఆ ఫ్లైఓవర్ కనిపిస్తుంది. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు.

బోరబండ

అపార్ట్‌మెంట్ డ్రైవర్లని అడిగితే బోరబండలో యాదగిరి షెడ్డు చెప్పారు. కొండాపూర్‌కి అది ఎంతో దూరం లేదు, కానీ ఊరు మారిపోయినట్టే ఉంటుంది. గాజు మేడలు వెనక్కి పోయి, ఒకదాన్నొకటి ఆనుకున్న చిన్న చిన్న ఇళ్ళు, మేడ మీద ఆరేసిన బట్టలు, సందులో టమాటాల బండి ఎదురొచ్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ టీ పదిహేను.

యాదగిరికి యాభై ఏళ్ళుంటాయి. సంగారెడ్డి దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని, మా కథంతా విన్నాడు.

"వైరింగ్ అంటే దేవులాడుతనే ఉండాలె సార్. దొర్కితే ఒక్క దినం, దొర్కకపోతే నెల. నాకు గంత ఓపిక లేదు. కార్బురేటర్ అంటే రెండు దినాల్ల పని ఖతం. గని ముందే చెప్తున్న, పెట్రోలు ఎక్కువ తాగుతది. చలికాలం పొద్దుగాల జర సతాయిస్తది. రేపు ఆఫీసోళ్ళు ఒప్పుకోకుంటే నన్ను అడగొద్దు."

"రోడ్డు మధ్యలో ఆగదు కదండీ?" అన్నారు మా ఆయన. ఆయనకి అదొక్కటే ప్రశ్న.

"గిట్లయితే ఆగది" అన్నాడు యాదగిరి. అంతటితో తీర్పు అయిపోయింది. నేను మూతి ముడుచుకుని బయటికొచ్చి, షెడ్డు పక్కనే జొన్నరొట్టెలు కాలుస్తున్న ఆమె దగ్గర కూర్చున్నాను. చేత్తో తట్టి తట్టి చందమామంత రొట్టె చేస్తోంది. మా వైపు జొన్నరొట్టె షుగరు వచ్చినవాళ్ళే తింటారని చెబితే ఆమె పగలబడి నవ్వింది.

"గట్లనా? మా దిక్కు ఇది తిననోళ్ళకే షుగరొస్తది అమ్మ" అంది. ఎల్లిపాయకారంతో రెండు తిన్నాను. కోపం కాస్త తగ్గింది.

జీడిమెట్ల

కార్బురేటర్ ఒక్కటే పెడితే సరిపోదట. దాన్ని బిగించడానికి వేరే మానిఫోల్డ్ కావాలట. ఇంజిన్‌లోకి గాలిని పంచే అల్యూమినియం గొట్టాల దిమ్మ అది. ఇంకా వేరే పంపు, నిప్పురవ్వని వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ కూడా కావాలట. ఇవన్నీ కలిపి ఒకేచోట దొరికేది జీడిమెట్లలో అని యాదగిరి ఆటో మాట్లాడి పెట్టాడు. దారంతా మందుల ఫ్యాక్టరీల ఘాటు వాసన. ఆటో అతను మాత్రం హాయిగా ఊపిరి పీలుస్తూ, "అలవాటైతది" అన్నాడు.

యార్డు యజమాని ఖాజా భాయ్. ఇంజిన్లు ఒక కుప్ప, తలుపులు ఒక కుప్ప, స్టీరింగులు ఒక తాడుకి దండలా. మమ్మల్ని పాత సీట్ల మీద కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, గుడ్డలో చుట్టిన కార్బురేటర్ తెచ్చాడు. "జర చూడండి సాబ్. లోపల మొత్తం సాఫ్ ఉన్నది. దీనికి కంప్యూటర్ ఫికర్ లేదు."

మా ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, చిన్న మూతని వేలితో తెరిచి మూశారు. "చూశావా భారతీ? ఎక్కడికేం వెళ్తుందో కంటికి కనిపిస్తోంది. దీనికి దాపరికం లేదు" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో హుషారు విన్నాను. ఇంక నేను వాదించలేదు. ఖాజా భాయ్ చెప్పిన ధరకి మా ఆయన బేరం కూడా ఆడలేదంటే ఆయన ఎంత మురిసిపోయారో అర్థం చేసుకోండి. కూరగాయల దగ్గర రూపాయికి కూడా పేచీ పెట్టే మనిషి.

మళ్ళీ బోరబండ

మర్నాడు యాదగిరి కొత్తగా తెచ్చిన మానిఫోల్డ్‌ని బండి ముందు గుడ్డ మీద పెట్టి, వైర్లు కోసే కటింగ్ ప్లేయర్ చేతిలోకి తీసుకున్నాడు. "ఇగ ఇదంత పోతది సార్" అని పాత మానిఫోల్డ్‌ని చూపించాడు.

మా ఆయన కర్ర పట్టుకుని దగ్గరికి వచ్చి వంగి చూశారు. పాత మానిఫోల్డ్ మీద ఒక బోల్టు దగ్గర పసుపు, కుంకుమ అట్టకట్టి నిమ్మకాయంత ముద్దగా ఉంది. చేతిపిడి అమర్చి కారు ఇంటికి వచ్చిన రోజున మా అత్తగారు బానెట్ తీయించి అక్కడ బొట్టు పెట్టారు. కొడుకుని పదేళ్ళ వయసు దాకా చంకనెత్తుకుని బడికి మోసిన మనిషి ఆమె. "ఇంక నా నడుం నాకు మిగులుతుందిరా" అని నవ్వుతూ పెట్టారు. ఆమె పోయాక ప్రతి దసరాకీ మా ఆయన కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ఇంజిన్ మీద చిలకరించి, పాత బొట్టు తుడవకుండా దాని మీదే కొత్త బొట్టు పెడుతున్నారు.

"ఇది పాత సామాన్లలోకి వెళ్ళిపోతుందా?" అని అడిగారు.

"మానిఫోల్డ్ మొత్తం తీస్తం గద సార్."

ఆయన ఆ ముద్దని వేలితో తాకి చూశారు. తర్వాత, "ఇవాళ్టికి కోయకండి. ఒక్కసారి నేను వైర్లు చూస్తాను" అన్నారు. యాదగిరి నా వంక చూశాడు. నేను లోపల సంతోషించాను.

టెలిఫోన్ లైన్లో ఎక్కడో తెగీతెగనట్టున్న జాయింటుని పట్టడానికి వాళ్ళ శాఖలో ఒకే పద్ధతి ఉండేదట. ఒకరు ఫోను దగ్గర చెవి పెట్టుకుని వినాలి, ఇంకొకరు తీగని జానెడు జానెడు చొప్పున కదుపుతూ పోవాలి. ఆయన వంగి పని చేయలేరు కనుక కదిపే పని నాది. ఇంజిన్ స్టార్ట్ చేశారు. ఆయన స్టూలు మీద కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నారు. నేను పట్టుచీరే కట్టుకుని ఉన్నాను, శిరీష ఇంట్లో మధ్యాహ్నం భోజనాలకి చుట్టాలొస్తారని. కొంగు బొడ్లో దోపి మొదలుపెట్టాను. యాదగిరి వేడి తగలకుండా ఎక్కడ చెయ్యి పెట్టాలో చూపించాడు.

ఒక్కో వైరూ కదిపాను. ఇంజిన్ చెక్కుచెదరలేదు. చేతులకి నూనె మసి, ముక్కుకి పెట్రోలు వాసన. యాదగిరి రెండుసార్లు చాయ్ తెప్పించాడు. "చెప్పిన గద సార్" అని కూడా అన్నాడు.

"అన్నీ అయ్యాయా?" అన్నారు మా ఆయన.

"అన్నీ అయ్యాయి."

"బోల్టు దగ్గరకి ఒక నల్ల వైరు వెళ్తుంది. అది?"

"అక్కడ బొట్టుందండీ. దాన్నెలా కదుపుతాను?"

ఆయన కళ్ళు తెరిచారు. యాదగిరి మెల్లగా, "నేను గూడ అందుకే ముట్టలే సార్. పసుపు కుంకుమ ఉన్నకాడ ఎట్ల చెయ్యి పెడతం" అన్నాడు. ఏలూరులో నలుగురు మెకానిక్‌లు చూశారు. ఇంజిన్ అంతా విప్పారు, బిగించారు. ఆ బోల్టు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. అందరూ భక్తిగలవాళ్ళే.

నేను బొట్టుకి దణ్ణం పెట్టుకుని, వేలితో ఆ ముద్ద పక్కన వైరుని కొంచెం తోశాను. ఇంజిన్ దగ్గి, ఆగిపోయింది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. "ఎర్త్ వైరు" అన్నారు మా ఆయన చాలా చిన్నగా. కంప్యూటరుకి కాలూనే నేల అదేనట. దాని పట్టు వదిలిందంటే ఇంకేం పనిచేయదట. "కొబ్బరినీళ్ళల్ల ఉప్పుంటది కద సార్. లోపల చిలుము పట్టుంటది" అన్నాడు యాదగిరి. అని, రెండడుగులు వెనక్కి వేసి, "దిమ్మ మొత్తం లేపుడు వేరె, బొట్టు గీకుడు వేరె. గది నేను చెయ్య. మీ ఇంటోళ్ళే తియ్యాలె" అన్నాడు.

కార్బురేటర్ పెడితే ఆ బొట్టు పోతుందని ఆగిన మనిషి ఆయన. ఇప్పుడు ఆ బొట్టే తీయాలి. నాకు ఆయన మొహం చూసే ధైర్యం లేకపోయింది.

"అమ్మ ఇది నేను తిరగాలని పెట్టింది" అన్నారాయన. "ఆగిపోవాలని కాదు." ఇనప బ్రష్షు అడిగి తీసుకున్నారు. ఒక చెయ్యి కారు మీద ఆనించి, రెండో చేత్తో గీకడం మొదలుపెట్టారు. ముందు ఎర్రటి పొర, దాని కింద పసుపు, మళ్ళీ ఎరుపు. ఆయన కళ్ళు తుడుచుకోవడం చూశాను. నేనూ తుడుచుకున్నాను. అన్నిటికీ అడుగున రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. తెగకుండా నాలుగు పోగులే మిగిలాయి.

రాలిన పొడిని నేను కాగితంలోకి ఎత్తి, రొట్టెలామె కరివేపాకు కుండీలో, ఎవరూ తొక్కని చోట పోశాను. యాదగిరి కొత్త తీగ అతికి, బోల్టు శుభ్రంగా రుద్ది బిగించాడు. వైరు పట్టుకుని ఎంత లాగినా, ఊపినా ఇంజిన్ మాట తప్పలేదు. అతను తల గోక్కుని, "నేనే కోసి పడేస్తుంటి గద సార్ మొత్తం" అన్నాడు. కార్బురేటర్, దాని సామానంతా అతనికే ఇచ్చేశాం.

"కొత్త బొట్టు పెట్టరా అమ్మ?" అని అడిగాడు.

"పెడతాను. బానెట్ పైన" అన్నాను.

హైటెక్ సిటీ సిగ్నల్

కొండాపూర్‌కి తిరిగొస్తుండగానే సాయంత్రమైంది. భోజనాలకి వచ్చిన చుట్టాలు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటారు. హైటెక్ సిటీ దగ్గర ఎర్ర లైటు పడింది. చుట్టూ బస్సులు, ఆఫీసు క్యాబులు, మోటారు సైకిళ్ళు. ఎంతసేపు ఆగాలో చూపించే అంకెలు పైన వెలుగుతున్నాయి. అవి నూరు దాటి ఉండటంతో బళ్ళవాళ్ళు ఒక్కొక్కరే ఇంజిన్లు ఆపేస్తున్నారు.

మా ఆయన కూడా తాళం తిప్పి ఆపేశారు.

రెండేళ్ళుగా ఆయన ఏ సిగ్నల్ దగ్గరా, ఏ రైల్వే గేటు దగ్గరా ఇంజిన్ ఆపింది లేదు. ఆపితే మళ్ళీ కదలదేమోనని ఎంతసేపైనా యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉండేవారు. ఇప్పుడు స్టీరింగ్ మీద చేతులు వదులుగా పెట్టుకుని, పక్క బస్సులో నిద్రపోతున్నవాళ్ళని చూస్తున్నారు. నేను అంకెల వంకే చూస్తున్నాను. ఇరవై అయింది, పది అయింది. స్టార్ట్ చేయండని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

పచ్చ లైటు పడింది. ఆయన తాపీగా తాళం తిప్పారు. కారు కదిలింది. వెనకనున్న కారువాడు అప్పటికే హారన్ మోగించేస్తున్నాడు.

"వెళ్తున్నాం కదయ్యా, నీ తొందరేంటి?" అన్నారు మా ఆయన అద్దంలో చూసి. ఈ రెండేళ్ళూ ఆయన రోడ్డు మీద అందరికీ క్షమాపణ చెప్పుకుంటూనే బతికారు. ఒకరిని విసుక్కోవడం అదే మొదలు.